గ్యాస్ పట్టే ముందు గేజీ పెట్టే షాపు: ఒంగోలులో కారు ఏసీ మరమ్మతు

ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు ఉన్న ఈ చిన్న షాపును మెచ్చుకోవడానికి ముఖ్యమైన కారణం, కారులో చల్లదనం తగ్గిందని చెప్పగానే ఇక్కడి మేస్త్రి గ్యాస్ సిలిండరు దగ్గరికి వెళ్లకపోవడం. మన జిల్లాలో ఫాల్గుణం దాటిందంటే ఏసీ మెకానిక్కుల ముందు బండ్లు బారులు తీరుతాయి. ఏ బండికి ఏ జబ్బు ఉన్నా చాలాచోట్ల వినిపించే మాట మాత్రం ఒకటే: "గ్యాస్ అయిపోయింది సార్, పట్టేద్దాం." ఈ షాపులో ఆ మాట అన్ని పరీక్షలూ అయ్యాక వస్తుంది, కొన్ని బండ్లకు అసలు రానే రాదు. నా బండి విషయంలో తేలింది అందుకు పూర్తిగా విరుద్ధం. అందులో గ్యాస్ తగ్గలేదు, ఉండవలసిన దానికంటే ఎక్కువైంది.

నాది పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్. చీమకుర్తి, ఒంగోలు మధ్య దాదాపు రోజూ తిరుగుతుంది. గెలాక్సీ గ్రానైటు క్వారీల వల్ల ఆ దారిలో రాళ్ల లారీలు ఎంత ఎక్కువో, వాటి వెనక లేచే దుమ్ము ఎంత సన్ననిదో ఆ రోడ్డు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. బండికి వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, హైవే ఎక్కి కావలి వైపు వెళుతున్నంతసేపూ గాలి చల్లగానే వచ్చేది కానీ ఊళ్లోకి వచ్చి ట్రంకు రోడ్డు రద్దీలో నిలబడగానే నిమిషాల్లో వెచ్చబడేది. దీనికి అంతకుముందు వేరొక చోట గ్యాస్ పట్టారు. గేజీలో ముల్లు "కరెక్టుగా" వచ్చేదాకా పట్టామన్నారే తప్ప ఎన్ని గ్రాములు పట్టారో చెప్పలేదు. మొదట్లో కొంత తేడా ఉన్నట్లు అనిపించినా, ఎండలు ముదిరేసరికి పరిస్థితి మునుపటికంటే అధ్వానమైంది.

ఈ షాపులో మేస్త్రి బానెట్ తెరవక ముందే కొన్ని ప్రశ్నలు అడిగాడు. "ఆగినప్పుడే తగ్గుతుందా సార్, నడుస్తున్నప్పుడు కూడానా? గాలి జోరుగానే వస్తుందా, గాలే తక్కువగా ఉందా? పొద్దున పూట ఎట్లా ఉంటది?" ఇవి పైకి మామూలు ప్రశ్నలే అయినా, వీటి జవాబులతోనే సగం అనుమానాలు తొలగిపోతాయి. గాలి జోరు తగ్గితే లోపం డ్యాష్‌బోర్డు వెనక, అంటే ఏసీ ఫిల్టర్, గాలి తోసే బ్లోయర్, ఆ గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ వైపు వెతకాలి. గాలి బాగా వస్తూ చల్లదనం మాత్రమే తగ్గితే లోపం ఇంజను వైపు ఉండే అవకాశం ఎక్కువ. బండి నడిచేటప్పుడు బాగుండి నిలిచినప్పుడే తగ్గుతోందంటే, బండి ముందు భాగంలో, గ్యాస్ తన వేడిని బయటికి వదిలే కండెన్సరు మీదుగా పోవలసిన గాలి పోవడం లేదని మొదట అనుమానించాలి. ఎందుకంటే వేగంగా పోయే బండికి ఎదురుగాలి ఉంటుంది, ఆగిన బండికి ఫ్యాన్ ఒక్కటే దిక్కు.

ఆ తరువాత ఖర్చు లేని పరీక్షలు చేశాడు. బయటి గాలి లోపలికి రాకుండా మూసే బటన్ నొక్కినప్పుడు గాలి దారిలోని చిన్న తలుపు నిజంగా మూసుకుంటోందా అని చెవి పెట్టి విన్నాడు. అది మూసుకోకపోతే నలభై డిగ్రీల గాలిని ఎప్పటికప్పుడు కొత్తగా చల్లబరచవలసి వస్తుంది. గ్లవ్ బాక్సు ఊడదీసి ఫిల్టర్ చూపించాడు. అది బూడిద రంగుకు తిరిగి ఉన్నది కానీ పూర్తిగా పూడుకుపోలేదు, దులిపి మళ్లీ పెట్టాడు. డ్యాష్‌బోర్డులో చల్లగాలి వచ్చే మధ్య జాలీలో థర్మామీటరు గుచ్చి, బండి ఆగి ఉండగానే ఇంజను నడుపుతూ చూస్తే 18 డిగ్రీల దగ్గర ఆగింది. బయట అప్పుడు 40 డిగ్రీలు. ఆరోగ్యంగా ఉన్న కారు ఏసీలో ఆ జాలీ దగ్గర సుమారు 5 నుంచి 10 డిగ్రీలు రావాలి. మన మే నెల మధ్యాహ్నాల్లో, ఆగి ఉన్న బండికి 10 దాటి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైనా తప్పు పట్టలేము గానీ 18 మాత్రం లెక్కలోకి రాదు.

నీలం, ఎరుపు గేజీలు తగిలించాక జరిగిన పనే ఈ షాపుకు ప్రత్యేకత తెచ్చిపెట్టింది. చల్లని గాలి వచ్చే వైపు ఒత్తిడిని నీలం గేజీ, కంప్రెసరు నొక్కి పంపే వైపు ఒత్తిడిని ఎర్ర గేజీ చూపిస్తాయి. ఆగి ఉన్న నా బండిలో నీలం ముల్లు 55 పీఎస్‌ఐ దగ్గర, ఎర్ర ముల్లు 300 దాటి నిలిచాయి. ఈ అంకెల అర్థం మేస్త్రి చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. మన కార్లలో ఎక్కువ భాగం వాడే ఆర్-134ఏ గ్యాస్‌కు ప్రతి ఒత్తిడికీ ఒక మరిగే ఉష్ణోగ్రత ఉంటుంది. 28 పీఎస్‌ఐ దగ్గర అది సున్నా డిగ్రీల వద్ద మరుగుతుంది, 55 దగ్గర సుమారు 15 డిగ్రీల వద్ద మరుగుతుంది. కూలింగ్ కాయిల్‌లో గ్యాసే 15 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, దాని మీదుగా వచ్చే గాలి అంతకంటే చల్లగా ఎలా రాగలదు? జాలీ దగ్గర కనిపించిన 18కి కారణం అక్కడే తెలిసిపోయింది.

ఎర్ర ముల్లు సంగతీ అంతే. బయటి గాలి 40 డిగ్రీలు ఉన్నప్పుడు, కండెన్సరులోని గ్యాస్ అంతకంటే పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటేనే తన వేడిని ఆ గాలికి ఇచ్చి ద్రవంగా మారగలదు. అంటే 55, 60 డిగ్రీల దగ్గర, 200 నుంచి 230 పీఎస్‌ఐ మధ్య పని జరగాలి. 300 అంటే గ్యాస్ 70 డిగ్రీలకు చేరినా వేడిని వదిలించుకోలేకపోతోందని లెక్క. గ్యాస్ తగ్గిన బండిలో రెండు ముళ్లూ కిందికి ఉంటాయి. కంప్రెసరు అరిగిపోతే నీలం పైకి, ఎరుపు కిందికి వచ్చి రెండూ దగ్గరపడతాయి. లోపల తేమ చేరి, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచు కట్టినా, ఆ వాల్వు మూసుకుపోయినా నీలం ముల్లు సున్నాకు, ఒక్కోసారి అంతకంటే కిందికి జారుతుంది. రెండూ పైకి పోయాయంటే అనుమానించవలసినవి మూడు: కండెన్సరుకు గాలి ఆడకపోవడం, గ్యాస్ మోతాదు మించడం, గ్యాస్‌లో మామూలు గాలి కలిసిపోవడం.

ఈ మూడింటిలో ఏది అని తేల్చడానికి అతను ఎంచుకున్న వరుస చూసి, ఇది ఏళ్ల తరబడి చేతులు కాల్చుకుని నేర్చుకున్న పని అనిపించింది. మొదట ఇంజను నడుస్తుండగానే కండెన్సరు మీద గొట్టంతో సన్నగా నీళ్లు పట్టాడు. ఎర్ర ముల్లు వెంటనే 230 దాకా దిగింది, జాలీ దగ్గర గాలి కూడా చల్లబడింది. కాబట్టి గాలి ఆడడం లేదన్నది ఖాయం. కానీ చల్లటి నీళ్లు అంతగా పడుతున్నప్పుడు ముల్లు ఇంకా బాగా కిందికి రావాలి, రాలేదు. "ఇంకోటి కూడా ఉంది సార్. బండి ఇయ్యాల వదిలిపెట్టండి, పొద్దున్నే ఇంజను వెయ్యకముందు చూస్తా" అన్నాడు. మరునాడు ఉదయం బండి మొత్తం షెడ్డులోని వేడికే సమానమయ్యాక, ఇంజను ఆపి ఉండగానే గేజీలు పెడితే రెండు ముళ్లూ 98 దగ్గర కలిశాయి. షెడ్డులో 30 డిగ్రీలు ఉన్నది. ఆ వేడికి శుద్ధమైన ఆర్-134ఏ చూపించవలసిన ఒత్తిడి సుమారు 97. లోపల గాలి కలిసి ఉంటే ముల్లు అంతకంటే పైన నిలిచేది. కనుక గాలి కలవలేదు, మిగిలిన అనుమానం మోతాదు మించడమే.

ఇంజను ఆపి ఉండగా చూసే ఆ ఒత్తిడిని బట్టి గ్యాస్ సరిపోయిందో లేదో చెప్పేవారిని నమ్మవద్దు. ఇంట్లో వంటగ్యాస్ బండలో లోపల ద్రవం కాస్త మిగిలి ఉన్నంతవరకూ మంట ఒకేలా వస్తుంది, ఎంత మిగిలిందో తూకం వేస్తేనే తెలుస్తుంది. కారు ఏసీలోనూ అంతే. 200 గ్రాములు ఉన్నా 600 గ్రాములు ఉన్నా, అదే వేడిలో ఆగి ఉన్న బండిలో ముల్లు దాదాపు అదే చోట నిలుస్తుంది. అందుకే ఇక్కడ గ్యాస్‌ను బయటికి లాగి తూచే యంత్రం పెట్టుకున్నారు. నా బండి బానెట్ కింది స్టిక్కరు మీద 480 గ్రాములని ఉన్నది. యంత్రం లాగిన గ్యాస్ 630 గ్రాములు తూగింది. అదనంగా పట్టిన గ్యాస్ ద్రవంగా మారి కండెన్సరు గొట్టాల్లోనే నిలిచిపోయి, వేడి వదలడానికి ఉన్న చోటును ఆక్రమించుకుంటుంది. గ్యాస్ ఎక్కువైతే చల్లదనం ఎక్కువవుతుందనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

కారు ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసరు ఇరుసు దగ్గరి సీలు గుండా ఏడాదికి కొద్దికొద్దిగా జారిపోయే మాట నిజమే. కానీ ఒక్క వేసవిలో ఖాళీ అయిందంటే ఎక్కడో రంధ్రం ఉన్నట్లే. దాన్ని వెతకకుండా మళ్లీ పట్టడం డబ్బును గాలిలో వదలడమే, పైగా ఆ గాలికి కూడా చేటు. ఆర్-134ఏ వల్ల ఓజోను పొరకు హాని లేకపోయినా, వందేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకంటే 1,430 రెట్లు వేడిని పట్టి ఉంచుతుందని అంచనా. ఈ జాతి వాయువులను తగ్గించడానికి 2016లో కిగాలీలో కుదిరిన ఒప్పందాన్ని భారతదేశం 2021లో ఆమోదించింది. పాత గ్యాస్‌ను పిన్ను నొక్కి బుస్సుమని రోడ్డు మీదికి వదిలేసే షాపులు ఇప్పటికీ ఎన్నో ఉండగా, ఇక్కడ యంత్రంలోకి లాగి, తేమా నూనే వడగట్టి తిరిగి వాడుతున్నారు.

ముందు బంపరు, దాని మీది జాలీ ఊడదీశాక కనిపించిన దృశ్యం గురించి చెప్పాలి. కండెన్సరు ముందు వైపు చూస్తే ఓ మోస్తరు శుభ్రంగానే ఉన్నది. కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య సందులో మాత్రం రాతి దుమ్ము, పురుగులు, ఇంజను నూనె తడి కలిసి దుప్పటిలా అట్టకట్టాయి. బయటి నుంచి నీళ్లు కొట్టించే వాటర్ సర్వీసుకు ఇది ఎన్నటికీ అందదు. పైగా ఆ జోరు నీళ్లకు అల్యూమినియం రేకులు పడుకుండిపోయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఇక్కడ కండెన్సరును గొట్టాలు విప్పకుండానే కొంచెం ముందుకు వంచి, సబ్బునీళ్లు చల్లి నాననిచ్చి, ఇంజను వైపు నుంచి బయటికి తక్కువ జోరుతో కడిగారు. వంగిన రేకులను దువ్వెనలాంటి పనిముట్టుతో సరిచేశారు. ఫ్యాన్ తక్కువ వేగంలోనే తిరుగుతూ, ఏసీ ఒత్తిడి పెరిగినప్పుడు పెద్ద వేగానికి మారడం లేదని కూడా అప్పుడే బయటపడింది. మోటారు బాగానే ఉన్నది, పెద్ద వేగానికి కరెంటు కలిపే స్విచ్చులాంటి రిలేలో కాంటాక్టులు కాలిపోయాయి. రిలే మార్చగానే ఫ్యాన్ రొద మారింది.

తరువాత వాక్యూమ్ పెట్టారు. చాలాచోట్ల ఐదు పది నిమిషాల్లో ముగించే ఈ పనికి ఇక్కడ ముప్పావు గంట పట్టింది. వాక్యూమ్ వల్ల గాలి ఒక్కటే పోదు, ఒత్తిడి బాగా పడిపోయినప్పుడు లోపలి తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వస్తుంది, అందుకు సమయం ఇవ్వాలి. యంత్రం ఆపాక ముల్లు కదలకుండా నిలుస్తోందా అని మరికొంతసేపు వదిలిపెట్టి, నిలిచిందని చూశాకే, గ్యాస్‌తోపాటు బయటికి వచ్చినంత నూనె తిరిగి వేసి, స్టిక్కరు ప్రకారం 480 గ్రాములు తూకంతో పట్టారు. లోపలి తేమను పీల్చుకునే డ్రయర్ బాటిల్ మార్చాలా అని అడిగితే, "గొట్టాలు విప్పలేదుగా సార్, ఎందుకు దండగ" అన్నాడు. అమ్ముకునే అవకాశం ఉండీ వద్దన్న ఆ మాటతో నాకు షాపు మీద గురి కుదిరింది.

పని ముగిసేసరికి మధ్యాహ్నమైంది, అంతకుముందు రోజు ఉన్నంత ఎండా ఉన్నది. ఆగి ఉన్న బండిలో నీలం ముల్లు 34, ఎర్ర ముల్లు 220 చుట్టూ తిరుగుతుండగా జాలీ దగ్గర 9 డిగ్రీలు కనిపించింది. ఆ తరువాత వచ్చిన రోహిణి కార్తెను కూడా బండి ట్రంకు రోడ్డు మీద నిలబడే దాటింది.

కాచుకుని ఉన్న సమయంలో పక్కన నిలిపిన బండ్ల సంగతులు కూడా కొన్ని తెలిశాయి. కొత్తపట్నం వైపు నుంచి వచ్చిన ఒక కారు కండెన్సరు ఉప్పు గాలికి పొడిబారి, గొట్టాల్లో సూదిమొనంత రంధ్రాలు పడ్డాయి. అటువంటి వాటిలోకి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగతో లీకేజీ వెతుకుతారు, దొరకని వాటికి నూనెలో రంగు కలిపి పంపి, కొన్నాళ్ల తరువాత నీలి కాంతిలో చూస్తారు. రంధ్రం పూడ్చే మందు కలిసిన గ్యాస్ డబ్బా కొని తెచ్చుకున్న ఆయనకు మేస్త్రి అది వాడనని ఖండితంగా చెప్పేశాడు. ఆ జిగురు ఎక్స్‌పాన్షన్ వాల్వులో గడ్డకడుతుంది, తన యంత్రాన్నీ పాడుచేస్తుంది. మరొక బండిలో డ్రైవరు వైపు వేడి గాలి, పక్క సీటు వైపు చల్లని గాలి వస్తుంటే, అది గ్యాస్ తగ్గిన లక్షణమా, వేడి చల్లని గాలులు కలిపే చిన్న తలుపు మోటారు చెడిందా అని చూస్తున్నారు. హైబ్రిడ్ కార్లను మాత్రం ఇక్కడ తీసుకోవడం లేదు. వాటిలో చాలావాటి కంప్రెసరు విద్యుత్తుతో నడుస్తుంది కాబట్టి దానికి వేరే జాతి నూనె కావాలి, మామూలు నూనె కలిస్తే కరెంటు బయటికి పొక్కే ప్రమాదం ఉన్నది. చేతగాని పనిని చేతగాదని చెప్పడం కూడా నాకు మంచి గుణంగానే తోచింది.

ఇక లోపాలు. బిల్లులో నాకు దండగ అనిపించిన పద్దు ఒకటి ఉన్నది: కూలింగ్ కాయిల్‌లోకి నురగ కొట్టి, సువాసన పొగ పట్టించడం. నా బండిలో దుర్వాసన లేదు, గాలి జోరూ తగ్గలేదు. అడిగి చేయవలసిన ఆ పనిని అడగకుండానే చేశారు. గేజీ అంకెలు అడిగితే తప్ప కాగితం మీద రాసి ఇవ్వరు. ఇంత చక్కగా కొలిచే షాపు, ముందు ఎంత, తరువాత ఎంత అని బిల్లు వెనక రాసి ఇస్తే మరొక చోట చూపించుకోవడానికైనా పనికొస్తుంది. వేసిన రిలే కంపెనీది కాదు, ఆ సంగతి వాళ్లే ముందుగా చెప్పారు కనుక తప్పు పట్టను. కూర్చోవడానికి రేకుల కింద బెంచీ ఒకటే ఉన్నది, వేసవి మధ్యాహ్నం పూట అక్కడ గడపడం కష్టం. ఇక్కడ పని నెమ్మదిగా సాగుతుంది. గంటలో గ్యాస్ పట్టించుకుని పోదామని వచ్చేవారికి విసుగు పుడుతుంది, అటువంటి వారితో మేస్త్రి కాస్త కటువుగానే మాట్లాడతాడు.

ఖర్చు విషయానికి వస్తే, గ్యాస్ లాగి, తూచి, వాక్యూమ్ పెట్టి తిరిగి పట్టినందుకు 1,000 రూపాయలు, బంపరు విప్పి కండెన్సరు కడిగినందుకు 900, రిలేకు 350, నేను వద్దనేవాడినే అయిన నురగకు 600, మొత్తం 2,850 తీసుకున్నారు. లోపలి నుంచి తీసిన గ్యాసే తిరిగి పట్టారు కనుక గ్యాస్ పేరుతో రూపాయి వేయలేదు. మరో వేసవిలోగా మళ్లీ వెచ్చబడితే గేజీ పెట్టి చూడడానికి డబ్బు అడగనన్నారు, అయితే అది నోటిమాటే.

వెళ్లదలచినవారు మాఘ, ఫాల్గుణ మాసాల్లోనే వెళ్లడం మంచిది, మే నెలలో బండి తీసుకోవడానికే రోజులు పడుతుంది. సాయంత్రం వదిలి మరునాడు ఉదయం పరీక్ష చేయించుకునేలా ముందే మాట్లాడుకోండి. బానెట్ కింద గ్యాస్ మోతాదు స్టిక్కరు చెరిగిపోయి ఉంటే, కారు మోడల్, తయారైన సంవత్సరం రాసుకుని వెళ్లండి, ఆ రెండూ లేకుండా మేస్త్రి తూకం యంత్రం ముట్టుకోడు. నురగ వద్దని తాళం ఇచ్చేటప్పుడే చెప్పండి.